పందొమ్మిది డిగ్రీలు

హల్ రేవులో, మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ వెనక వీధిలో
నలభై ఒక్క మంచాలు.
రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా అవి నావి.
నావి అంటే, తుడవడం వరకూ.

మంచం మీద దుప్పటి లండన్ కంపెనీది.
మంచం కింద నేల జెర్సీ దీవిలో ఎవరిదో.
ఉన్న నేల అమ్మేసి, అదే నేలకి అద్దె కడుతున్నారట.
ఈ లెక్క మేనేజరు జనీన్ నాకు రెండుసార్లు చెప్పింది,
మూడోసారి తనకే అర్థం కాక మధ్యలో ఆపేసింది.

అప్పు చేసి పప్పుకూడు అంటారు మా వైపు.
ఇక్కడ పప్పుకూడు తిన్నవాళ్ళు
ఎప్పుడో చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.
అప్పు ఈనిడ్ గారి కంచంలో మిగిలింది.
టీతో పాటు రెండు బిస్కెట్లు, ఒకటైంది.
రోజుకి నాలుగు డయపర్లు, మూడయ్యాయి.
నాలుగోది కావాలంటే ఫారం నింపాలి,
కారణం రాయాలి.
కారణం!
ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి తడిసిందని
ఏ భాషలో రాయాలో తెలియక
తెలుగులో రాశాను.
ఇదేమిటని ఎవరూ అడగలేదు.

వరండా గోడకి హీటర్ మీట.
మీట చుట్టూ గాజులాంటి ప్లాస్టిక్ పెట్టె,
పెట్టెకి తాళం.
పందొమ్మిది.
అంకె కనిపిస్తుంది, చెయ్యి అందదు.

అయిదున్నరకి గార్బట్ గారి గదిలో రేడియో లేస్తుంది.
ఆయనకి లేవడమంటూ లేదు, పడుకుంటే కదా.
“నిన్న మార్కెట్ వణికింది.
మధ్యాహ్నానికి కాస్త తేరుకుంది.
సాయంత్రానికి పూర్తిగా కోలుకుంది.”

“ఎవరమ్మా ఆ రోగి?” అంటారు గార్బట్.
“గంటగంటకీ నాడి పట్టుకుని చూస్తున్నారు!”
నేను ఆయన సాక్సు మీద ఇంకో సాక్సు తొడుగుతాను.
ఎడమ కాలికి వేళ్ళు మూడే.
మిగతా రెండూ ఐస్‌లాండ్ దాటాక మంచు తినేసిందట.

“మా రోజుల్లో షేరంటే చేపల్లో వాటా.
మూడు వారాలు నీళ్ళ మీద. దిగాక వేలం.
రేటు పడిందా,
తిన్న తిండికీ తొడుక్కున్న బూట్లకీ పట్టుకోగా
మేమే యజమానికి ఎదురు బాకీ.
మంచివాళ్ళేం కాదులే వాళ్ళూ.
కానీ ఓడ మునిగితే ఓడ పోయేది కదా,
ఇన్సూరెన్స్ వచ్చేదాకైనా ఏడ్చేవారు.
ఇది చూడు, మనం మునిగితే తేలే ఓడ.”

జనవరిలో ఒక రాత్రి
హంబర్ మీంచి గాలి కిటికీ సందుల్లోంచి ఈల వేసింది.
ఈనిడ్ గారు కోటుతోనే పడుకున్నారు.
చెయ్యి పట్టుకున్నాను, గోళ్ళు నేరేడుపళ్ళలా ఉన్నాయి.

జడలోంచి పిన్ను తీశాను.
గట్టి తాళమేం కాదు.
ఇనుము కన్నా భయం ఎక్కువ పోసి చేసిన తాళం.
నా వీసా మీద ఈ కంపెనీ పేరుంది,
ఈ కంపెనీ కాగితాల్లో ఎక్కడో నా పేరుంది,
రెండిటికీ మధ్య ఒక జడపిన్ను.
క్లిక్.
ఇరవై రెండు.
పైపులు ముందు దగ్గాయి, గొణిగాయి,
తర్వాత మేడ మొత్తం
కుంపటి పక్కన పిల్లిలా ఒళ్ళు విరుచుకుంది.

అయిదున్నర. రేడియో.
“మార్కెట్ ఈ ఉదయం కొంచెం నలతగా మొదలైంది.
నిపుణులు కారణం వెతుకుతున్నారు.”
గార్బట్ గారు రేడియో వైపు చూశారు,
నా ఊడిన జడ వైపు చూశారు.
“పాపం, దిష్టి తగిలినట్టుంది” అన్నాను.
ఆయనకి నా మాట అర్థం కాలేదు, నవ్వు అర్థమైంది.
“ఫారం నింపమను,” అన్నారు, “కారణం రాయమను.”

ఏడింటికి జనీన్ వచ్చేసరికి
పందొమ్మిది. పెట్టెకి తాళం.
ఆమె వరండాలో ఒక్క క్షణం ఆగి,
గోడ మీద అరచెయ్యి పెట్టి చూసి,
ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది.

ఈనిడ్ గారు కోటు విప్పేసి కూర్చున్నారు,
టీ కప్పు పక్కకి జరిపి గట్టిగా అడుగుతున్నారు,
రెండో బిస్కెట్ ఏదని.